పుట్టినరోజు ప్రార్థన

మా అమ్మ ప్రార్థన గట్టిగా చేసేది. తెల్లవారకముందే లేచి, నెత్తిన ముసుగు వేసుకుని, చాప మీద మోకరించి మొదలుపెట్టిందంటే ఇంట్లో ఇక ఎవరికీ నిద్ర ఉండేది కాదు. "దేవుడికేమైనా చెముడా అమ్మా?" అని నేను దుప్పట్లోంచి విసుక్కుంటే, "ఆయనకి లేదు, నాకే నిద్ర. పైకి చేస్తే గానీ మెలకువ రాదు" అనేది. గొంతు పెద్దదే కాదు, వివరం కూడా ఎక్కువే. ప్లీడరు దగ్గర కూర్చుని కేసంతా మొదటినుంచీ చెప్పుకునే మనిషిలాగా, ఎవరికి ఏ జబ్బు, ఎవరింట్లో ఎవరు ఎవరితో మాట్లాడటం లేదు, అన్నీ పూసగుచ్చినట్టు చెప్పేది. తిరుమలగిరిలో మా ఇంటికి కుడివైపు పంజాబీ మిలిటరీ కుటుంబం, ఎడమవైపు మలయాళీలు ఉండేవారు. ఇరుగుపొరుగుకి తెలుగు రాకపోబట్టే మా చర్చి సంఘంలో చాలామంది పరువు నిలిచిందని నాన్న ఏడిపించేవాడు.

మనుషుల దగ్గర మాత్రం అమ్మ నోరు కుట్టేసినట్టే ఉండేది. నమ్మడం కష్టం గానీ ఇది నిజం. స్త్రీల సమాజంలో ఎవరు ఏం ఆరా తీసినా, "ప్రార్థన చేద్దామమ్మా" అని దాటేసేది. ఆవిడ కడుపులో పడ్డ మాట ఇంకో మనిషి చెవిన పడింది లేదు. ఒకే మనిషిలో ఈ రెండు గుణాలూ ఉండటం మాకు అలవాటైపోయి, ఎప్పుడూ వింతగా తోచలేదు.

నాన్నది రైల్వే ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం. గుంటూరు వైపు నుంచి బదిలీ మీద సికింద్రాబాద్ వచ్చి ఇక్కడే ఉండిపోయాం. నేను దగ్గర్లోనే ఒక స్కూల్లో టీచర్‌గా చేరాను. రెండో శనివారం ఆఫీసుకి సెలవు కదా, ఆ రోజు నాన్న మా పాస్టర్‌గారితో, సంఘంలోని ఇంకో ఇద్దరు పెద్దలతో కలిసి జైలుకి వెళ్లేవాడు. గుడ్డ సంచిలో పాటల పుస్తకాలు, ఒక కంజీర, అమ్మ పొట్లాలు కట్టిన బన్నులు. సాయంత్రం తిరిగొచ్చేసరికి మణికట్టు మీద ఊదారంగు ముద్ర ఉండేది. లోపలికి వెళ్లేవాళ్లకి గేటు దగ్గర ఆ ముద్ర వేస్తారు, అది చూపిస్తేనే బయటికి వదులుతారు. చెమటకి చెరిగిపోతుందేమోనని నాన్నకి ప్రతిసారీ భయమే. "చెరిగిపోతే మంచిదేగా, అక్కడే ఉండి రోజూ ప్రార్థన కూటాలు పెట్టుకోవచ్చు" అనేది అమ్మ.

అక్కడ పరిచయమైన మనిషి గురించే నేను చెప్పబోయేది. బొల్లారంలో ఆటో నడుపుకునేవాడు. తాగిన మత్తులో ఒకడితో గొడవపడి కొడితే, ఆ దెబ్బకి అవతలివాడి ప్రాణం పోయింది. యావజ్జీవ శిక్ష పడింది. మొదట్లో అతను బన్ను కోసమే వచ్చి కూటంలో వెనక కూర్చునేవాడట, ఆ సంగతి అతనే నవ్వుతూ చెప్పేవాడు. ఒకసారి గేటు దగ్గర కంజీరని లోపలికి రానివ్వకపోతే, అతను తన అన్నం పళ్లెం తిరగేసి దరువు వేశాడు. ఆ రోజు పాడినట్టు మన గుడిలో ఎప్పుడూ పాడలేదని నాన్న ఇంటికొచ్చి చెప్పాడు. ఆ తర్వాత అతను ముందు వరుసలోకి వచ్చాడు.

అతనికి ఒక కూతురు. జైలుకి పోయేనాటికి ఒళ్లో పిల్ల. కొన్నాళ్లకి భార్య జ్వరంతో పోతే, పిల్లని అతని అక్క బొల్లారంలోనే పెంచుకుంటోంది. మీ నాన్న దుబాయిలో ఉన్నాడని పిల్లకి చెప్పింది. వాళ్ల బస్తీలో సగం మంది మగవాళ్లు నిజంగానే దుబాయిలోనో మస్కట్‌లోనో ఉన్నారు కాబట్టి ఆ అబద్ధం సులువుగా ఇమిడిపోయింది. ఏటా పిల్ల పుట్టినరోజుకి ఆమే బజారులో ఒక ఫ్రాకు కొని, మీ నాయిన పంపిండని ఇచ్చేది.

ఇదంతా అతను ఒకరోజు నాన్న చేతులు పట్టుకుని చెప్పాడట. "సార్, నేను బయటికొచ్చినంక నా నోటితోనే పిల్లకు చెప్త. గప్పటిదాక ఎవ్వరికీ తెల్వనియ్యకుండ్రి. ఇంకోల నోటెంట ఇంటే నన్ను నాయిన అనదు సార్."

నాన్న మాట ఇచ్చాడు. అమ్మకి తప్ప ఎవరికీ చెప్పలేదు. అమ్మకి కూడా కబురుగా కాదు, ప్రార్థనలో పెట్టమని చెప్పాడు. అమ్మ పెట్టింది. ఆ పిల్ల మొహం ఎలా ఉంటుందో ఆవిడకి తెలియదు. అయినా పిల్లకి తట్టు పోసినప్పుడు, లెక్కల్లో తప్పినప్పుడు, పెద్దమనిషి అయినప్పుడు, అక్క ములాఖత్‌లో తమ్ముడికి చెప్పడం, అతను నాన్నకి చెప్పడం, నాన్న అమ్మకి చెప్పడం, మర్నాడు తెల్లవారుజామున అమ్మ దేవుడికి చెప్పడం, ఇలా సాగేది. దుప్పట్లో పడుకునే నేనూ ఆ పిల్లతోపాటు పెరిగినట్టయింది. స్త్రీల సమాజంలో ఒక్కరికైనా ఈ సంగతి తెలియదు. అమ్మ అంత పదిలంగా దాచింది.

సత్ప్రవర్తన కింద అతన్ని ముందే విడుదల చేశారు. తిన్నగా మా ఇంటికే వచ్చాడు. గుమ్మం దగ్గర నిలబడి లోపలికి రావడానికి మొహమాటపడుతుంటే అమ్మ చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి పెసరట్లు వేసి పెట్టింది. జైల్లో బేకరీ పని నేర్చుకున్నాడు కాబట్టి సికింద్రాబాద్‌లో ఒక బేకరీలో పని దొరికింది. మా ఇంటికి నాలుగు సందుల అవతల ఒక గది అద్దెకి తీసుకున్నాడు. గదికి తనే సున్నం వేసుకున్నాడు, పిల్ల బట్టలకని ఒక ఇనుప బీరువా తెచ్చి పెట్టాడు.

కానీ పిల్ల దగ్గరికి దుబాయి నుంచి వచ్చినవాడిలాగే వెళ్లాల్సి వచ్చింది. అక్క పట్టుబట్టి అతని చేత ఒక సూట్‌కేసు మోయించింది, అందులో బజారులో కొన్న విదేశీ సబ్బులు, సెంటు సీసా. ఈ వేషం గురించి మాకు చెబుతూ అతను నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. పిల్ల నాయినా అని పిలిచిందట. ఆ పిలుపు విన్నాక నిజం చెప్పడానికి నోరు పెగల్లేదట. వారం వారం వాయిదా వేశాడు. "ఎప్పుడు చెప్తావు నాయనా?" అని అమ్మ అడిగితే, "ఈ ఐతారం పక్కా అమ్మా" అనేవాడు.

చివరికి ఒక ఆదివారం కుదిరింది. ఆ వారమే పిల్ల పుట్టినరోజు. అక్కనీ పిల్లనీ గుడికి తీసుకొస్తాను, ఆరాధన అయ్యాక మీ ఇంట్లో భోజనం, అటునుంచి పిల్లనొక్కదాన్నే నా గదికి తీసుకెళ్లి కూర్చోబెట్టి చెప్పేస్తాను అన్నాడు. విన్నాక కూడా నాతో ఉంటానంటే పిల్ల ఇక నా దగ్గరే ఉంటుంది, లేదంటే అక్క దగ్గరికే పంపిస్తాను అన్నాడు. తన చేత్తో చేసిన కేకు ముందురోజే తెచ్చి మా భోజనాల బల్ల మీద పెట్టి వెళ్లాడు. దాని మీద గులాబీ రంగు క్రీముతో పువ్వులు, మధ్యలో పిల్ల పేరు.

మా గుడిలో ఆరాధన చివర ఒక ఆనవాయితీ ఉంది. ఆ వారం పుట్టినరోజులూ పెళ్లిరోజులూ ఉన్నవాళ్లని ముందుకు పిలుస్తారు, సంఘం పాట పాడుతుంది, పెద్దల్లో ఒకరు తల మీద చెయ్యి ఉంచి ప్రార్థన చేస్తారు. ఆ ఆదివారం ముందుకు వచ్చింది ఆ పిల్ల ఒక్కతే. సిగ్గుపడుతూ తండ్రి చెయ్యి వదలకుండా అతన్నీ లాక్కొచ్చింది. తొమ్మిదో తరగతి పిల్ల, రెండు జడలు, పొడుగు లంగా. నేను గాయక బృందంలో ఉన్నాను కాబట్టి వాళ్లకి ఎదురుగా, నాలుగు అడుగుల దూరంలో నిలబడి ఉన్నాను. పాస్టర్‌గారు చుట్టూ చూసి, అమ్మని ప్రార్థన చేయమన్నారు.

అమ్మ మొహం వెలిగిపోయింది. అన్నేళ్లుగా ఎవరి కోసం మోకరించిందో ఆ పిల్ల ఎదురుగా నిలబడి ఉంది. ముసుగు సర్దుకుని, పిల్ల తల మీద చెయ్యి పెట్టి, కళ్లు మూసుకుంది. ఆ క్షణం నుంచి అమ్మకి ఆ గుడిలో మేమెవరం లేము. ఆవిడ తన చాప మీద ఉంది.

"ప్రేమగల తండ్రీ, తల్లి లేని బిడ్డకి మేనత్త ఒడి ఇచ్చావు, స్తోత్రం" అంది. "స్తోత్రం" అంది సంఘం. "తట్టు పోసి ఒళ్లు కాలిపోతుంటే దగ్గరుండి కాపాడావు." "స్తోత్రం." "లెక్కల్లో తప్పితే మళ్లీ నిలబెట్టావు." అక్కడ ఒకరిద్దరు నవ్వుకున్నారు, పిల్ల కూడా కళ్లు మూసుకునే పెదాలు బిగించి నవ్వింది. అమ్మ గొంతు ఇంకా పైకి లేచింది. "ఇన్నేళ్లూ తండ్రి జైలు గోడల మధ్య ఉంటే, దుబాయిలో ఉన్నాడని నమ్మిన ఈ పసిదాని మనసు నలగకుండా కాచావు తండ్రీ."

అలవాటు కొద్దీ కొందరు దానికీ స్తోత్రం అన్నారు. తర్వాత గుడంతా చప్పుడు లేకుండా అయిపోయింది. నేను కళ్లు తెరిచాను. మా సంఘంలో ప్రార్థన మధ్యలో ఎవరూ అడ్డు రారు. కరెంటు పోయినా, పిల్లాడు కిందపడి ఏడ్చినా, ఆమేన్ అనేదాకా ఎవరూ కదలరు. అదేం కట్టుబాటో, ఎవరు పెట్టారో, ఇప్పుడు తలుచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది. నాన్న దగ్గాడు. అంతకంటే ఏం చెయ్యాలో ఆయనకి తెలియలేదు. మళ్లీ దగ్గాడు, గట్టిగా. అమ్మకి వినబడలేదు. "ఒక మనిషి ప్రాణం తీసిన చేతుల్ని కడిగి, ఈ రోజు ఈ బిడ్డ చేతిలో పెట్టావు, స్తోత్రం" అంది, సంతోషంతో ఏడుస్తూ.

పిల్ల చేతిలోంచి తండ్రి చెయ్యి జారిపోవడం నేను చూశాను. ఆ పిల్ల వెంటనే కళ్లు తెరిచింది. అప్పటికే అతను వెనక్కి తిరిగి, బెంచీల మధ్య నుంచి తల వంచుకుని నడుస్తున్నాడు. ప్రార్థన ఇంకా అవుతూనే ఉంది. ఆమేన్ అని అమ్మ కళ్లు తెరిచేసరికి పిల్ల వెక్కి వెక్కి ఏడుస్తోంది. అమ్మ నవ్వుతూ దగ్గరికి తీసుకోబోయి, నాన్న మొహం చూసి ఆగిపోయింది. "ఏమైందండీ?" అంది. నిజంగానే ఆవిడకి ఏమీ తెలియదు.

మేం బయటికి వచ్చేసరికి అతను లేడు. మెట్ల దగ్గర విప్పిన చెప్పులు అలాగే ఉన్నాయి. వాటిని ఆ పిల్ల వంగి తీసుకుని, ఒక చేత్తో పట్టుకుని, మేనత్త వెంట బొల్లారం బస్సు ఎక్కింది. నాన్న వెళ్లి చూస్తే గదికి తాళం ఉంది. బేకరీకి కూడా మళ్లీ రాలేదు. మా ఇంట్లో కేకుని కోయడానికి ఎవరికీ చేతులు రాలేదు. పారేయడానికీ రాలేదు. క్రీము కరిగి పేరు చెదిరిపోయేదాకా బల్ల మీదే ఉంది. చివరికి దాన్ని నాన్న పెరట్లో గొయ్యి తీసి పూడ్చాడు.

ఓదార్చడానికి వచ్చినవాళ్లు అంతా ప్రభువు చిత్తం అన్నారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది గానీ అమ్మ ముందు ఏమీ అనలేకపోయాను. కొన్ని నెలలకి నాన్న ఆఫీసు ఫోనుకి అతను ఒకసారి చేశాడు. "మంచిగనే ఉన్న సార్. పిల్లను జెర అర్సుకుంటుండుండ్రి" అన్నాడట. ఎక్కడ ఉన్నావంటే చెప్పలేదు. "పిల్ల ఏమన్నది సార్?" అని అడిగాడట. నాన్న అబద్ధం చెప్పే మనిషి కాదు. "బాగా ఏడ్చింది. నువ్వు రా, మాట్లాడుకుందాం" అన్నాడు. అవతల ఫోను పెట్టేసిన చప్పుడు. మళ్లీ చేయలేదు. నాన్న బొల్లారం వెళ్తే మేనత్త గుమ్మంలోనే నిలబెట్టి, మా గోస మమ్మల్ని పడనియ్యుండ్రి అని పంపించేసింది. రెండుసార్లు అలాగే అయ్యాక నాన్న వెళ్లడం మానేశాడు. జైలుకి మాత్రం చివరిదాకా వెళ్లాడు, కానీ అక్కడ విన్నది ఏదీ ఇంటికి తేలేదు.

అమ్మ పైకి ప్రార్థన చేయడం మానేసింది. లేవడం అదే వేళకి లేచేది, చాప పరిచేది, ముసుగు వేసుకునేది. పెదాలు కూడా కదిలేవి కావు. గుడిలో ప్రార్థన చేయమంటే తల అడ్డంగా ఊపేది. ఎన్నేళ్లు విసుక్కున్నానో ఆ గొంతు మీద, అది ఆగిపోయాక తెల్లవారుజామున నాకు దానంతటదే మెలకువ వచ్చేది.

ఆ తర్వాత చాలా ఏళ్లకి, తెలంగాణ కోసం బందులూ రైలు రోకోలూ నడుస్తున్న రోజుల్లో, నేనెక్కిన ఎంఎంటీఎస్ రైలు స్టేషను చేరకుండా మధ్యలోనే ఆగిపోయింది. ముందు పట్టాల మీద జనం కూర్చున్నారన్నారు. నాన్న అప్పటికి పోయాడు. ఆడవాళ్ల పెట్టెలో ఎదురు సీటు అమ్మాయి నన్నే చూస్తోంది. మెడలో ఆసుపత్రి గుర్తింపు కార్డు ఉంది.

"ఆంటీ, మీరు తిరుమలగిరి చర్చిల పాటలు పాడుతరు గదా? నన్ను గుర్తువట్టిండ్రా?" అంది.

జడలు లేవు గానీ ఆ పెదాల బిగింపు అదే. ఆ రోజు జరిగినదానికి మా అమ్మ ఎంత కుమిలిపోతోందో చెప్పబోయాను. ఆ అమ్మాయి నా మాట మధ్యలోనే తల ఊపింది.

"నాకు ముందుగాలనే ఎరుక ఆంటీ. చిన్న క్లాసుల ఉన్నప్పుడే బస్తీల పోరగాండ్లు చెప్పిండ్రు, మీ నాయిన దుబాయ్‌ల లేడు, జైల్ల ఉన్నడని. అత్తను అడగలే. ఆమె తక్లీఫ్ పడి ఫ్రాకు తెచ్చి మీ నాయిన పంపిండంటుంటే ఏం అడుగుత? ఏసుకునేదాన్ని."

"మరి ఆ రోజు అంతలా ఎందుకు ఏడ్చావమ్మా?"

"నాయిన చెయ్యి ఇడిసిపెట్టిండు గదా. గందుకు."

బయట జనం నినాదాలు వినిపిస్తున్నాయి. ఆ అమ్మాయి కిటికీలోంచి చూస్తూ చెప్పింది. "ఆ దినం పొద్దుగాల బస్సుల అన్నడు, బిడ్డా, నీకొక ముచ్చట చెప్పాలె, కోపం చెయ్యొద్దని. ఏందో నాకు సమజైంది. పాపం ఎట్ల షురూ చేస్తడో అని నేనే పరేషాన్ అయిన. ఆయన చెప్పంగనే, నాకు ఎరుకే నాయినా, రూము ఏడుందో చూపియ్యి, పోదాం పా, అందామనుకున్న. బస్సుల కూసొని మనసుల అనుకున్న సుత, యాది మరవకుండ."

మేనత్తకి ఇప్పటికీ తమ్ముడి మీద కోపమేనట, కూతుర్ని గుడిలో నిలబెట్టి పోయినందుకు. ఈ అమ్మాయి మాత్రం ఉద్యోగం వచ్చాక ఎక్కడెక్కడో బేకరీల్లో వెతికింది. దొరకలేదు. చెప్పులు దాచే ఉన్నాయంది.

రైలు కదిలాక, దిగబోయే ముందు అడిగింది. "అమ్మమ్మ ఇంకా గట్టిగ ప్రార్థన చేస్తదా?" ఆ రోజుతోనే మానేసిందని చెప్పాను. "అయ్యో, ఎందుకు? నాకు తట్టు పోసింది, లెక్కల్ల తప్పింది, అన్ని చెప్పింది ఆంటీ. నన్ను ఎన్నడు సూడని మనిషి నా గురించి గన్ని యాది పెట్టుకున్నదని మస్తు సంతోషపడ్డ. నాయిన కోసం సుత గట్ల చెయ్యమనుండ్రి. గట్టిగనే చెయ్యమనుండ్రి" అంది. తన ఫోను నంబరు నా చేత రాయించి దిగిపోయింది.

ఇంటికి వచ్చి అమ్మకి అంతా చెప్పాను. మెంతికూర ఒలుస్తోంది. అంతా అయ్యాక, "బస్సులో ఏమనుకుందన్నావు?" అంది. చెప్పాను. "ఇంకోసారి చెప్పు" అంది. మళ్లీ చెప్పాను. ఆకులు పక్కన పెట్టి లోపలికి వెళ్లింది. రాత్రి అన్నం తినలేదు.

మర్నాడు తెల్లవారకముందే మెలకువ వచ్చి, కదలకుండా పడుకుని ఉన్నాను. చాప పరిచిన చప్పుడు అయింది. "ప్రేమగల తండ్రీ" అన్న మాట పైకి వినపడింది. అన్నేళ్ల తర్వాత ఆ గొంతు సన్నగా, అరువు తెచ్చుకున్నట్టు ఉంది. తర్వాతి మాట కోసం చెవులు రిక్కించాను. రాలేదు. ఎంతసేపటికీ రాకపోతే లేచి వెళ్లాను.

అమ్మ మోకాళ్ల మీదే ఉంది. కళ్లు తెరిచి గోడ వైపు చూస్తోంది.

"దేవుడికి చెబితే ఏం లాభమే, ఆ పిల్ల బస్సులో అనుకున్నది ఆయన అప్పుడే విన్నాడుగా" అంది. "వాళ్ల నాన్నకి ఎవరు చెప్తారు?"